తొమ్మిది నిమిషాలు

ఆ పిల్ల వేల్లోకి సూది దించింది మీరే. ఇంకెవరో కాదు. మేనేజరుగారూ, మీరు. సూపర్‌వైజరుగారూ, మీరు. కట్టు విప్పి చూడకుండానే కాగితం మీద "అజాగ్రత్త" అని రాసి, దాని కింద గీత గీసి మరీ సంతకం పెట్టిన కంపెనీ డాక్టరుగారూ, మీరు కూడా. మిషను లక్షణంగా ఉందన్నారు. మూడు నెలల్లో ఒక్కసారీ ఆగలేదన్నారు. రికార్డు చూసుకోమన్నారు. రికార్డులో లేనిది లోకంలోనే జరగలేదనడం మీకు వెన్నతో పెట్టిన విద్య. మీ రికార్డులో లేని నూట నలభై మూడు సంగతులు ఒక ఆడదాని నోటుబుక్కులో ఉన్నాయి. ఆమె వాటిని న్యాయం కోసం రాయలేదు. కుళ్ళుకుని రాసింది. కాబట్టి ముందు ఆ కుళ్ళు సంగతే చెప్పాలి. మనం చెప్పకపోతే మీరు చెబుతారు, మీకు కావలసినట్టు చెబుతారు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ అది. నాలుగో లైను. అక్కడ పేర్లు హాజరు పట్టీలో మాత్రమే ఉంటాయి. మనిషిని పిలిచేది ఆమె కుట్టే ముక్కతో. కాలరు కుట్టేది కాలర్. జేబు అతికించేది జేబు. చివర్న కూర్చుని గుండీలు కుట్టే పెద్దావిడ గుండీలక్క. "నిన్న కాలర్‌కి జ్వరం, ఇవాళ జేబు ఏడ్చింది" అని ఎవరన్నా అంటే కొత్తగా చేరినవాళ్ళు తెల్లమొహం వేస్తారు. వారం తిరిగేసరికి వాళ్ళూ ఏదో ఒక ముక్క అయిపోతారు.

కాలర్‌ది పదిహేడో మిషను. ఎదురు వరసలో కాస్త ఏటవాలుగా ఇరవై రెండో మిషను, అది జేబుది. ఇద్దరికీ పైన గోడమీద ఎర్ర అంకెల గడియారం. కాలర్ తలెత్తితే మొదట గడియారం కనబడుతుంది, చూపు దించితే జేబు కనబడుతుంది. అలా కూర్చోబెట్టినవాడికి పాపం ఏమీ తెలియదు.

ఇక మెకానిక్. అందగాడేం కాదు. చెవి వెనక పెన్సిలు, చేతిలో స్క్రూడ్రైవరు, కొంప మునుగుతున్నా మారని నడక. రెండేళ్ళ కిందట కాలర్ మిషను మాటిమాటికీ దారం తెంపుతుంటే వచ్చాడు. మోకాళ్ళమీద కూర్చుని, బాబిన్ గూట్లో ఇరుక్కున్న రవ్వంత పోగుని పట్టకారుతో లాగి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇదీ దొంగ" అన్నాడు. అంతే. మనుషులు అంతకన్నా తక్కువకి కూడా పడిపోతారు.

ఆ తర్వాత మూడు నెలలు షిఫ్టు దిగాక ఇద్దరూ బస్సు స్టాపు దాకా కలిసి నడిచారు. అతను వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి, ఇంటి పైకప్పు కారడం గురించి, తనకి పడని బావగారి గురించి చెప్పేవాడు. ఆమె వినేది. విన్నదాన్ని ఇంటికి మోసుకెళ్ళి, ఆ కారే ఇంట్లో తను ఎక్కడ గిన్నె పెట్టాలో, ఆ ముసలావిడ మోకాళ్ళకి ఏ నూనె రాయాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఒకరోజు స్టాపులో నిలబడి ఉండగా, మన సంగతి ఇంట్లో ఎప్పుడు చెబుతావని అడిగింది.

"మన సంగతేంటి?" అన్నాడతను. "నువ్వేదో అనుకుంటున్నట్టున్నావ్. నేనేం అనలేదుగా."

అనలేదు. నిజమే. తను ఏమీ అనకుండా ఎదుటివాళ్ళ చేత అన్నీ అనిపించుకునే రకం అతను. మర్నాటి నుంచి అవతలి పేవ్‌మెంటు మీద నడిచాడు.

ఏడాదిన్నర గడిచింది. ఏడాదిన్నరంటే మామూలు మనిషి మరచిపోయి, మళ్ళీ ఇంకో తప్పు కూడా చేసేంత కాలం. కాలర్ మాత్రం అక్కడే ఆగిపోయింది. నలభై మిషన్ల రొదలో అతని స్క్రూడ్రైవరు ఇనుముకి తగిలిన చప్పుడు ఆమె చెవికి విడిగా వినబడేది. ఏ వారం ఏ చొక్కా వేసుకున్నాడో చెప్పగలదు. తన మిషను మరను రెండుసార్లు తనే వదులు చేసి అతన్ని పిలిపించింది. వచ్చాడు, బిగించాడు, తలెత్తకుండా పోయాడు. మూడోసారి ఆ పని చెయ్యడానికి ఆమెకే సిగ్గేసింది.

అప్పుడొచ్చింది జేబు. ఇరవై మూడేళ్ళ పిల్ల, నవ్వితే పళ్ళన్నీ కనబడతాయి. వచ్చిన నెలకల్లా మెకానిక్ ఇరవై రెండో మిషను చుట్టూ తిరగడం మొదలైంది. రోజుకి రెండుసార్లు. ఒక్కోరోజు ఐదుసార్లు.

ఇక్కడ ఫ్యాక్టరీ రూలు ఒకటి చెప్పాలి. మిషను పది నిమిషాలు ఆగితే మెకానిక్ ఎర్ర చీటీ రాయాలి. ఎందుకాగింది, ఎంతసేపాగింది, ఏం మార్చాలి, అన్నీ రాయాలి. ఆ చీటీ పై ఆఫీసుకి పోతుంది. పోతే సూపర్‌వైజరుకి అక్షింతలు, మెకానిక్‌కి తిట్లు, లైను మొత్తానికి ఆ వారం బోనస్ గోవిందా. పది నిమిషాల లోపయితే చీటీ అక్కర్లేదు. అసలు ఆగనట్టే లెక్క.

జేబు దగ్గర మెకానిక్ ఎప్పుడు కూర్చున్నా తొమ్మిది నిమిషాలు దాటడం లేదని కాలర్ కనిపెట్టింది. ఎనిమిది, తొమ్మిది, ఏడు, తొమ్మిది. పదికి గడియారం అంకె మారబోతుండగా లేచిపోతాడు, పూట తిరక్కుండానే మళ్ళీ వస్తాడు. కాలర్‌కి ఒళ్ళు భగ్గుమంది. ఎంత తెలివి, ఎంత జాగ్రత్త అనుకుంది. ఒక్కసారే గంటసేపు కూర్చుంటే చీటీ రాయాలి, పట్టుబడతాడు. అందుకని ప్రేమని విడతలుగా కోసుకుని తెచ్చుకుంటున్నాడు. తనకోసం ఏనాడైనా ఇంత తెలివి ఖర్చుపెట్టాడా? తనతో నడిచినప్పుడు బస్సు వస్తే మాట మధ్యలో వదిలేసి ఎక్కేసేవాడు కదా.

ఇంటికొచ్చి ఇదంతా మేనత్తకి చెప్పేది. మేనత్తా మేనకోడళ్ళిద్దరిదీ ఒకటే గది. మేనత్త లాండ్రీకి ఇస్త్రీ చేస్తుంది. గదిలో సగం ఇతరుల చొక్కాలే. ఆవిడ పెట్టెని ముందుకీ వెనక్కీ తోస్తూ వినేది. మొదట్లో జాలిపడేది. తర్వాత ఊకొట్టేది. ఒకరోజు పెట్టె నిలబెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఒసేయ్, రోజూ అదే పాట విని నా చెవులు చిల్లులు పడ్డాయి. లోపల దాచుకుంటే పుండవుతుంది, నామీద కక్కితే నాకు కంపు. కాగితం మీద పెట్టు. కాగితానికి విసుగు రాదు."

లాండ్రీవాళ్ళు బట్టల జాబితా రాసుకొమ్మని ఇచ్చిన నోటుబుక్కు ఒకటి మంచంమీదికి విసిరింది. రాస్తే తగ్గుతుందని ఆవిడ ఉద్దేశం.

తగ్గలేదు. రాస్తే తగ్గుతుందని ఊరికే చెబుతుంటారు గానీ, కుళ్ళుబోతుకి కలం ఇవ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. కాలర్‌కి అంతకుముందు ఒట్టి బాధ ఉండేది, ఇప్పుడు ఒక ఉద్యోగం దొరికింది. ఫ్లోరు మీదికి ఫోన్లు రానివ్వరు. కత్తిరించిన గుడ్డముక్కల కట్ట విప్పాక మిగిలిన బండిల్ చీటీ వెనక పెన్సిలుతో టైము రాసుకునేది. ఇంటికొచ్చి బుక్కులో ఎక్కించి, ఆ చీటీని గుండుసూదితో ఆ పేజీకే గుచ్చేది. కుట్టుపని మనిషి, కొలత తప్పితే ఊరుకోదు.

"మంగళవారం. 9:40 నుంచి 9:48. 22. వెళ్ళాడు. ఒంగాడు. ఆవిడగారు నవ్వింది."

"11:15 నుంచి 11:24. 22. ఇద్దరూ కలిసి మిషను కిందికి తలకాయలు పెట్టారు. అక్కడేం ఉందో, రామాయణం రాసుందో."

"బుధవారం. పొద్దున్నుంచి అటు పోలేదు. దానికేదో కోపం వచ్చుంటుంది. మంచి పని. 3:05 నుంచి 3:14. పోయాడు. సిగ్గులేదు."

"గురువారం. నాలుగుసార్లు. నా ప్రాణం తీయడానికే పుట్టింది ఇది. దీని పళ్ళు రాలా."

అలా మూడు నెలలు. ఒకరోజు అతను సెలవు పెడితే ఆమెకి రాయడానికేమీ లేక తిండి సయించలేదు. జేబు మాత్రం ఇవేవీ తెలియక, భోజనాల దగ్గర పక్కన జాగా ఉంచి "అక్కా, ఇటు రా" అని పిలిచేది. ఆ "అక్కా" వింటే కాలర్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. పోయి కూర్చునేది కూడా. దగ్గర్నుంచి చూస్తే ఏమన్నా పట్టుబడుతుందేమోనని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండూ ఇరవై. జేబు ఎడమచేత్తో జేబు అంచు మడిచి సూది కింద సర్దుతోంది. కాలు తొక్కుడు పలక మీద లేదు, కింద చెప్పు వెతుక్కుంటోంది. మిషను తనంతట తను రెండు కుట్లు వేసింది. చూపుడు వేలు గోటిమీదుగా దిగి ఎముకకి తగిలి సూది లోపలే విరిగింది.

కేక విని లైను ఆగింది. మెకానిక్ పరుగెత్తాడు. కొంప మునిగినా మారని ఆ నడక పరుగయింది. జేబు మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాడు. రక్తం అతని మోచేతి దాకా కారింది. నలభైమంది ఆ రక్తం చూశారు. కాలర్ ఒక్కతే మణికట్టు చూసింది. నిజం చెప్పాలి, సూది దిగిన క్షణంలో ఆమె గుండెలో ఏదో చల్లగా జారింది, పీడ వదిలిందన్నట్టు. తర్వాత అతని చెయ్యి కనబడేసరికి ఆ చల్లదనం కూడా మిగల్లేదు. బండిల్ చీటీ తిరగేసింది.

"2:22. చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందూ."

ఇంత నీచం ఉంటుందా అని అడక్కండి. ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఉంటుంది. రాయరు, అంతే తేడా.

సోమవారానికి గేటు దగ్గర నోటీసు అంటించారు. జేబు అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది, మిషనులో లోపం లేదు, గురువారం విచారణ, అప్పటిదాకా ఆమెని పనిలోకి రానివ్వరు, తప్పు రుజువైతే తీసేస్తారు. విచారణకి లేబర్ ఆఫీసు నుంచి ఒక అధికారి వస్తాడు. ఆయనకి మిషను చరిత్ర చూపిస్తారు. చరిత్రలో ఒక్క ఎర్ర చీటీ లేదు.

గుండీలక్క లైనంతా తిరిగింది. మెకానిక్ ఎన్నిసార్లు వచ్చాడో మీరు చూశారు కదా అని ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ చూశామన్నారు. ఎప్పుడంటే అందరూ పైకి చూశారు. ఎవరి టార్గెట్ వాళ్ళది, పక్క మిషను టైము ఎవరికి గుర్తుంటుంది. మెకానిక్‌ని అడిగితే, ఇంటి దగ్గర అమ్మ ఉందక్కా, నన్ను లాగొద్దన్నాడు.

భోజనాల దగ్గర గుండీలక్క డబ్బా తెరిచి, తినకుండా మూత పెట్టేసింది. "నోటిమాటలు నూరు చెప్పినా విచారణకొచ్చే ఆయన రాసుకోడు. ఒక్క తేదీ, ఒక్క టైము, ఏదన్నా కాగితం మీద ఉంటే చాలు. ఇంతమందిమి ఉన్నాం, ఒక్కళ్ళమూ ఒక్క ముక్క రాసుకోలేదు. మన బతుకులు తగలెయ్య."

కాలర్ తలొంచుకుని నమిలింది. ఒక్క ముక్క కాదు, ఒక బుక్కు నిండా ఉంది. ఇస్తే? "దీని పళ్ళు రాలా" అన్నది గుండీలక్క చదువుతుంది. లైను చదువుతుంది. అతను చదువుతాడు. ఇన్నాళ్ళుగా నన్ను ఇలా కాపలా కాసిందా ఇది అనుకుంటాడు. ఇవ్వకపోతే? జేబు పోతుంది. ఇరవై రెండు దగ్గర ఇంకెవరో కూర్చుంటారు. ఆ మాటే తీపిగా తోచింది, తోచినందుకు నోరు చేదయింది.

మంగళవారం షిఫ్టు దిగాక జేబు ఉండే గదికి వెళ్ళింది. పరామర్శకని బయటికి చెప్పుకుంది. అసలు పని వేరే. అతను అక్కడ ఉంటాడేమో చూడాలి. మెట్లెక్కుతుంటే గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టింది. ఒకే జత. అప్పుడు తలుపు తట్టింది.

జేబు ఎడమచేతికి గుమ్మడికాయంత కట్టు. ఒంటిచేత్తో జడ వేసుకోవడం రాక జుట్టు విరబోసుకుని ఉంది. కాలర్ కూర్చోమనకుండానే కూర్చుంది. కాసేపు నొప్పి గురించి, మాత్రల గురించి మాట్లాడారు. ఇక ఆగలేకపోయింది.

"అతను వచ్చి చూశాడా?"

"ఎవరు?"

"మెకానిక్."

"వాడా? వాడెందుకొస్తాడు." జేబు మూతి తిప్పింది. "వాడొస్తున్నాడంటేనే నాకు ఒళ్ళు మంటక్కా. తొక్కకుండానే మిషను పరిగెడుతోంది మొర్రో అంటే, మోటారు పెట్టె మార్చాలి, ఈ ఆర్డరు పోయేదాకా ఆగు అంటాడు. ఏదో గెలికి, గడియారం చూసి, ఇంకో నిమిషం కూర్చుంటే చీటీ రాయాలి, సూపర్‌వైజరు రాయొద్దన్నాడు అని లేచిపోతాడు. అరగంటకి మళ్ళీ మొదలు."

కాలర్‌కి చెవుల్లో ఏదో హోరుమంది. "మరి నవ్వేదానివిగా," అంది. "అతనొచ్చినప్పుడల్లా నవ్వేదానివి."

"నవ్వక ఏం చెయ్యను. ఏడవలేక నవ్వేదాన్ని." జేబు ఆమెకేసి తేరిపార చూసింది. "అవునూ, నేను నవ్వడం నువ్వెప్పుడు చూశావక్కా? నువ్వు తలెత్తవని లైనంతా అంటారు."

కాలర్ లేచి ఆ పిల్ల వెనక్కి వెళ్ళి, చిక్కులు తీసి జడ వేసింది. గట్టిగా వేసింది. జేబు అబ్బా అంది గాని వద్దనలేదు.

ఇంటికొచ్చి బుక్కు తెరిచింది. మూడు నెలలుగా తను రాసిందే, తనకి కంఠతా వచ్చినదే. ఈసారి చదివితే ఇంకోలా ఉంది. "నవ్వింది" అని ఉన్నచోటల్లా ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. "తలకాయలు పెట్టారు" అని ఉన్నచోట మోటారు పెట్టె కిందికి తొంగిచూస్తున్నారు. "బుధవారం. పొద్దున్నుంచి అటు పోలేదు" అని సంబరపడ్డ రోజు, గుర్తొచ్చింది, ఆ పూట వేరే రకం చొక్కా, జేబు లేనిది, ఇరవై రెండు నడవనే లేదు. ప్రేమ అనుకుని తను రాసిపెట్టిందంతా ఒక చెడిపోయిన ఇనప సామాను జబ్బు కథ. ఆమెకి నవ్వొచ్చింది. మేనత్త ఇస్త్రీ ఆపి, పిచ్చెక్కిందా అని అడిగింది.

తెల్లకాగితాలు తీసుకుని సాఫీగా ఎత్తిరాయడం మొదలుపెట్టింది. తేదీ. మిషను నంబరు. ఎప్పుడాగింది. ఎన్ని నిమిషాలు. ఎత్తిరాయడం మొదలెట్టాక తెలిసింది, ప్రతి వాక్యంలోనూ అతన్ని పీకెయ్యాల్సి వస్తోందని. "వెళ్ళాడు" తీసేసింది, "మిషను ఆగింది" అని రాసింది. "ఒంగాడు" తీసేసింది. "కొత్త నీలం చొక్కా" తీసేసింది. మొదటి పేజీల్లో ఒక్కోసారి తీసేస్తుంటే పంటి కింద రాయి పడ్డట్టుండేది. ముప్పయ్యో ముప్పయ్యయిదో వచ్చేసరికి అతని మాటలు అడ్డం పడుతుంటే విసుగొచ్చింది. వీడెందుకు మధ్యలో, టైము ఏదీ, అని తన రాతలో తనే వెతుక్కుంది. అలా వెతుక్కున్నట్టు చాలాసేపటిదాకా ఆమెకే తెలియలేదు.

బుధవారం పొద్దున ఆ కాగితాలు గుండీలక్క చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, కళ్ళజోడు తీసి కాలర్‌ని చదివింది.

"ఇవి ఎక్కడివే?"

రాసుకున్నానంది.

"ఎప్పటికప్పుడు రాసుకున్నవి ఎక్కడున్నాయి? ఇవి తెల్లగా, ఒకే ఇంకుతో, నిన్న కూర్చుని కల్పించినట్టున్నాయి. మేనేజరు రెండు నిమిషాల్లో చింపేస్తాడు. అసలుది ఇవ్వు."

అసలుది ఇవ్వడం కుదరదంది కాలర్. ఎందుకు కుదరదని అడిగింది గుండీలక్క. అందులో వేరే రాతలున్నాయంది. అవి కొట్టేసి ఇవ్వమంటావా అని కాలరే అడిగింది. కొట్టేస్తే ఏదో దాచావంటారు, అలాగే ఇవ్వాలంది గుండీలక్క. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. ముప్పై ఏళ్ళుగా లైను చివర కూర్చున్న మనిషి, ఎవరి కళ్ళు ఎటు పోతాయో ఆవిడకి తెలియనిదా.

"నవ్వుతారే," అంది చివరికి. "నవ్వరని నేను చెప్పను. వారం నవ్వుతారు. ఆ పిల్లకి వేలు జన్మంతా వంగదు."

గురువారం పది గంటలకి విచారణ. పై ఆఫీసులో పొడుగు బల్ల. అధికారి, మేనేజరు, సూపర్‌వైజరు, ఓ పక్క కట్టుతో జేబు, గోడకి ఆనుకుని మెకానిక్. సాక్షులుగా గుండీలక్క, కాలర్. అద్దాల గోడ అవతల కింద ఫ్లోరంతా కనబడుతుంది.

మేనేజరు ముందుగా రికార్డు చదివాడు. తర్వాత గుండీలక్క, ఆ పొద్దున కాలర్ తెచ్చిచ్చిన నోటుబుక్కు బల్లమీద పెట్టింది. అధికారి చెయ్యి చాపేలోగా మేనేజరు అందుకున్నాడు. మధ్యలో తెరిచి, ఒక పేజీ చూసి, మొహం వెలిగిపోయింది.

"ఇది చూడండి సార్, సాక్ష్యం. 'నా ప్రాణం తీయడానికే పుట్టింది ఇది. దీని పళ్ళు రాలా.'" బయటికే నవ్వాడు. "ఇది మిషను రిపోర్టా, సవతుల పోరా? ఇంకొకటి. 'కొత్త నీలం చొక్కా. దానికోసమే.'"

సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. జేబు కళ్ళు పెద్దవి చేసి కాలర్‌కేసి తిరిగింది. మెకానిక్ మెడ ఎర్రబడింది, నేల చూస్తున్నాడు. ఇంతకాలం కాలర్ ఏది జరక్కూడదని భయపడిందో అది జరిగిపోయింది. జరిగాక చూస్తే, ఇంకా నిలబడే ఉంది.

"ఇటివ్వండి సార్," అంది. "నా రాత మీకు సరిగా చదవడం రావట్లేదు. టైములు వదిలేస్తున్నారు."

చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. మొదటి పేజీ నుంచి చదివింది. తిట్లు వదల్లేదు, నీలం చొక్కా వదల్లేదు, అన్నీ చదివింది. ప్రతిదానికీ ముందు తేదీ, టైము, ఇరవై రెండు, నిమిషాలు. మొదట నాలుగైదింటికి సూపర్‌వైజరు నవ్వాడు. ఇరవయ్యో దానికి మానేశాడు. అధికారి కలం తీసి పక్క కాగితం మీద అంకెలు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒక పేజీకి గుచ్చిన బండిల్ చీటీ చూపించమని అడిగాడు. చీటీ వెనక పెన్సిలు, ముందు వైపు ఆ రోజు కట్టింగ్ నంబరు, కంపెనీ ముద్ర. అది ఎవరూ నిన్న కూర్చుని తయారుచెయ్యలేరు.

"2:22. చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందూ," అని చదివి ఆగింది. జేబువైపు చూసింది. "ఆ రోజు నీ రక్తం నేను చూడలేదమ్మాయ్. ఇది చూశాను. తప్పే."

ఆ పిల్ల ఆ మాటని క్షమించిందో లేదో ఈ కథకి తెలియదు. క్షమించి తీరాలని రూలేం లేదు.

అన్నీ తొమ్మిది నిమిషాల లోపే ఎందుకున్నాయని అధికారి మెకానిక్‌ని అడిగాడు. మెకానిక్ మేనేజరు మొహం చూశాడు, సూపర్‌వైజరు మొహం చూశాడు, చివరికి గడియారం చూశాడు.

"చీటీ రాయొద్దన్నది నేను కాద్సార్," అన్నాడు. "నాకు చెప్పారు, నేను రాయలేదు. మోటారు పెట్టె కావాలని నోటితో అడిగాను. నేనేం కాగితం మీద అనలేదు."

తన చర్మం కాపాడుకోవడానికి చెప్పిన నిజం అది. పనికొచ్చింది, రాసుకున్నారు. కాలర్ అతనికేసి చూసింది. ఇన్నాళ్ళ తర్వాత అతను ఆమె వైపు తలెత్తాడు, ఏదో అడుగుతున్నట్టు, బహుశా సాయం. ఈ చూపు కోసం కదా మరలు వదులు చేసుకుంది. గుండె ఏమన్నా కొట్టుకుంటుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆగి చూసుకుంది. మిషను రొద తప్ప ఏం వినబడలేదు. కింద ఫ్లోరు మీంచి వస్తోంది ఆ రొద.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఈ పుస్తకాన్ని పరిశీలించడానికి ఒక కమిటీ వేస్తామని, నిపుణుణ్ణి పిలిపిస్తామని, పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతామని, అప్పటిదాకా అందరూ ఓపిక పట్టాలని చెప్పుకుపోతున్నాడు. అధికారి కూడా తల ఊపుతున్నాడు. కాలర్ అద్దాల గోడ దగ్గరికి నడిచింది. పదిహేడో మిషను ఖాళీగా ఉంది, అది తనది. ఎదురు వరసలో, కాస్త ఏటవాలుగా, ఇరవై రెండు ఖాళీగా లేదు. నిన్న చేరిన కొత్తమ్మాయి కూర్చుంది. ఇంకా ఎవరూ ఆమెని ముక్క పేరుతో పిలవడం లేదు. ఎడమచేత్తో అంచు మడుస్తోంది. గోడ గడియారంలో పదీ నలభై ఒకటి.

కాలర్ వెనక్కి తిరిగింది. మాట మధ్యలో మేనేజరు ఆగాడు.

"కమిటీ తర్వాత వేసుకోండి. అక్కడ ఒక పిల్ల కూర్చుంది. ముందు కిందికి దిగి ఆ ప్లగ్గు పీకండి. పెట్టె మార్చేదాకా ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. ఎర్ర చీటీ ఇప్పుడు, నా కళ్ళముందు, ఈ మెకానిక్ చేత రాయించండి. ఈ పిల్ల కాగితం మీద 'అజాగ్రత్త' కొట్టేసి మీ పేర్లు రాసుకోండి. ఈ అధికారిగారు సంతకం పెట్టేదాకా ఈ బుక్కు నా చేతిలోంచి కదలదు. లేవండి సార్. టైము నడుస్తోంది."